నాలుగో ప్రశ్నకు పూర్తి మార్కులు

పదిహేడో భాగం

పోయిన వారం నవ్వారాను మనం ఆసుపత్రి మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఆమె చేతిలో ఒక చీటీ ఉంది. దాని మీద ముప్ఫై రెండు అన్న అంకె ఉంది. ఇరవై దాటితే ప్రమాదమని ఫార్మసీ ఆఖరి ఏడాది చదువుతున్న ఆ పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రంజాన్ ఇరవై రెండో ఉపవాసం నాడు పొద్దున పది గంటలకు, మిన్యాకు తూర్పు గట్టున సున్నపురాతి క్వారీలో, ఆమె మేనమామ, రాతి మేస్త్రీ ఉస్తా షహాతా రంపం పక్కనే కూలిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. తెల్లటి రాతిపిండిలో దొర్లిన మనిషిని అలాగే ట్రక్కులో వేసుకుని నైలు దాటించి తెచ్చారు. తండ్రి లేని నవ్వారాను చిన్నప్పటి నుంచీ భుజాన మోసి పెంచినవాడు ఆయనే. ఉపవాసం పడలేదన్నారు కొందరు. దిష్టి తగిలిందన్నారు ఇంకొందరు. చీటీ మాత్రం మూడో మాట చెప్పింది: ఆయాసానికి నాలుగేళ్ళుగా వేసుకుంటున్న థియోఫిలిన్ మాత్రే నెత్తురులో విషమై పేరుకుంది.

ఆ మాట చెవిన పడగానే షహాతా కొడుకు ఖలఫ్, "మందుల కొట్టు ముసలి ఫహ్మీ ఏదో నకిలీ సరుకు అంటగట్టాడు. వాణ్ణి ఇక్కడికి లాక్కొస్తా!" అంటూ ట్రక్కు తీసుకుని పోయాడు. డబ్బా సరిగానే ఉంది బావా అని నవ్వారా చెప్పబోతే, "డబ్బా సంగతి సరే, లోపలి సంగతి నీకేం తెలుసు?" అని కసిరాడు.

మధ్యాహ్నం మూడయింది. నవ్వారా చీటీ పట్టుకుని కింద అంతస్తులో ఉన్న ఇజ్‌లాల్ మేడమ్ గదికి వెళ్ళింది.

మందు ఒంట్లోకి ఎలా పోతుంది, ఎంతసేపు నిలుస్తుంది, ఎలా బయటపడుతుంది అన్న లెక్కల పాఠం ఇజ్‌లాల్ మేడమ్‌ది. ఆమెకొక పద్ధతి ఉంది. ల్యాబు నుంచి వచ్చిన చీటీని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకుంటుంది. "ముందు నీ అంకె రాయి. తర్వాత చీటీ విప్పుదాం," అంటుంది. నీ అంకెకూ చీటీ అంకెకూ మధ్య ఎంత దూరముందో, రోగి గురించి నీకు తెలియనిది అంత ఉందని ఆమె సిద్ధాంతం. పెళ్ళిచూపుల్లో కూడా మేడమ్ ముందు కాగితం మీద అంచనా రాసుకుని, ఆ తర్వాతే తలెత్తి పెళ్ళికొడుకుని చూసిందని పిల్లలు చెప్పుకుని నవ్వుకునేవారు.

ఇవాళ ఆమె పద్ధతి పక్కన పెట్టింది. చీటీ చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ముందు ఆ బొగ్గు మందు పట్టించమను. ముక్కులో గొట్టం వేసి పట్టించమను."

"వార్డులో డాక్టర్ హాతిమ్‌కి చెప్పాను మేడమ్. మొదలుపెడుతున్నారు."

"మాత్ర ఎంత?"

"మూడు వందలు. నెమ్మదిగా కరిగే రకం. రోజుకి రెండు."

"ఎక్కువ మింగాడేమో?"

"లేదు మేడమ్. ఆయన జేబులో ఉన్న స్ట్రిప్పు లెక్కపెట్టాను. సరిగ్గా ఉంది."

"పోయిన ఏడాది నెత్తురులో మందు లెవెల్ తీశాం కదూ?"

"పద్దెనిమిది."

"అదే మనిషి, అదే మాత్ర. పద్దెనిమిది ముప్ఫై రెండెలా అయింది? ఏదో మారింది. కొత్త మందేమన్నా?"

"లేదు."

"జ్వరం? కామెర్లు?"

"లేదు మేడమ్."

"టీ, కాఫీ?"

"టీ నేనే మాన్పించాను," అంది నవ్వారా.

ఇజ్‌లాల్ తలెత్తింది. "ఎందుకు మాన్పించావు?"

నవ్వారా చెప్పింది. రెండు వారాల కింద, ఇఫ్తార్ అయ్యాక, మామయ్య తన రెండు చేతులూ ముందుకు చాపి, "ఇదిగో పిల్లా, చూడు, రంపం నా చేతుల్లోకే వచ్చి కూర్చుంది," అన్నాడు నవ్వుతూ. వేళ్ళు వణుకుతున్నాయి. నిద్ర పట్టడం లేదన్నాడు. గుండె గాడిదపిల్లలా గెంతుతోందన్నాడు. ఆమె అక్కడున్న కునాఫా మిఠాయి డబ్బా మూత తిరగేసి, పెన్నుతో రెండు బొమ్మలు గీసింది. ఇది నీ మాత్ర మామయ్యా, ఇది నీ టీలో ఉండే కెఫీను. చూశావా, రెండూ ఒక తల్లి పిల్లలే. ఇక్కడ ఈ మూల ఒక్క ముక్క తేడా, అంతే. నువ్వు మాత్ర వేసుకుని మీద ఆరు గ్లాసుల టీ పోస్తే, ఇద్దరన్నదమ్ములూ కలిసి నీ గుండె మీద కర్రసాము ఆడుతున్నారు. షహాతా ఆ బొమ్మల్ని చాలాసేపు చూశాడు. చదువురాని మనిషి. అయినా ఆ బొమ్మ తన మేనకోడలు గీసింది గనక వేలితో తడిమి చూశాడు. ఆ రోజు నుంచి టీ ముట్టలేదు.

"రసాయనం బాగా చెప్పావు," అంది ఇజ్‌లాల్. ఆమె గొంతులో వెటకారం లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. "మందు బొమ్మ చూశావు. బాగుంది. ఆ మందుని బయటకి పంపాల్సిన మనిషి వైపు కూడా చూశావా?"

ఇజ్‌లాల్ చీటీ మీద వేలు పెట్టింది.

"పొగ తాగుతాడా?"

"తాగేవాడు మేడమ్. రోజుకి రెండు పెట్టెలు, నలభై ఏళ్ళుగా. రంజాన్ మొదటి రోజున నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాను. ఆ రోజు నుంచి ఒక్కటి కూడా..."

ఇరవై రెండు రోజులుగా ఎవరు అడిగినా ఆమె ఆ మాట గర్వంగానే చెప్పింది. ఇప్పుడూ గర్వంగానే మొదలుపెట్టింది. వాక్యం సగంలో నాలుక ఆగిపోయింది.

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. బయట ఎవరో ఖర్జూరం పొట్లాలు పంచుతూ పేర్లు పిలుస్తున్నారు.

"ఫిబ్రవరి పరీక్షలో నాలుగో ప్రశ్న," అంది ఇజ్‌లాల్ చాలా మెల్లగా.

నవ్వారాకి కాగితం కళ్ళ ముందు కనబడింది. యాభై ఎనిమిదేళ్ళ రోగి. రోజుకు రెండు పెట్టెలు తాగేవాడు. థియోఫిలిన్ వాడుతూ పొగ మానేశాడు. ఏమవుతుందో, మోతాదు ఏం చేయాలో లెక్క వేసి చూపుము. ఆమె చూపించింది. పొగ కాలేయంలో పొయ్యిని ఎగదోస్తుంది, మందు త్వరగా కాలిపోతుంది. పొగ మానితే ఒకటి రెండు వారాల్లో పొయ్యి మందగిస్తుంది, అదే మాత్ర నెత్తురులో పేరుకుంటుంది. మోతాదు మూడో వంతు తగ్గించి, వారానికి లెవెల్ తీయాలి. పదికి పది. ఇజ్‌లాల్ మేడమ్ ఆ జవాబుని క్లాసులో నిలబడి చదివి వినిపించింది. ఆ సాయంత్రమే నవ్వారా నది దాటి ఇంటికెళ్ళి మార్కుల సంగతి చెబితే, మామయ్య సంతోషంతో సిగరెట్ వెలిగించుకున్నాడు. వద్దు మామయ్యా అని ఆమె అప్పుడే మొదటిసారి అంది.

"వయసు కూడా అదే మేడమ్," అంది నవ్వారా. "యాభై ఎనిమిది."

"కూర్చో."

"పదికి పది వేశారు మీరు."

"వేశాను. నా తప్పూ ఉంది." ఇజ్‌లాల్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది, తుడుచుకోకుండానే. "పరీక్షలో 'పొగ తాగేవాడు' అన్న మాట నేనే రాసి ఇస్తాను. మీరు పట్టుకుంటారు. ఇంట్లో ఎవరూ ప్రశ్న రాసి చేతికివ్వరు. ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాను ఈ పాఠం. మీ ఇంట్లో ఈ మాత్ర వేసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఒక్క బ్యాచ్‌నీ అడగలేదు." కాస్త ఆగి అడిగింది. "మోతాదు తగ్గించమని నీకు ఎవరూ అనలేదా?"

నవ్వారా తల దించుకుంది. ఆ ప్రశ్నకు జవాబు అప్పటికే ట్రక్కులో నది దాటి వస్తోంది.

*

ఫహ్మీకి డెబ్బై ఒక్కేళ్ళు. తూర్పు గట్టు మొత్తానికీ ఒకటే మందుల కొట్టు, ఆయనదే. అక్కడ అందరూ ఆయన్నే డాక్టర్ గారూ అని పిలుస్తారు. చిల్లులు పడ్డ కోటు జేబులో భూతద్దం, చంకలో మందుల రిజిస్టరు పెట్టుకుని వార్డు బయట బల్ల మీద ఒదిగి కూర్చున్నాడు. ఖలఫ్ ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. రాతిపిండి ఇంకా కనురెప్పల మీదే ఉంది. తలుపు పక్కన నేల మీద షహాతా భార్య బహియ్యా అత్త, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థించుకుంటోంది. డాక్టర్ హాతిమ్ చేతిలో ఒక ఫారం ఉంది.

"ఇదిగో, డాక్టరమ్మగారు వేంచేశారు!" అన్నాడు ఖలఫ్. "చెప్పండి డాక్టరమ్మగారూ, ఈ పెద్దమనిషి మా నాన్నకి అమ్మింది మందా, ఎలుకల పాషాణమా?"

"బావా, మెల్లగా."

"మెల్లగానా? మా నాన్న మెల్లగానే పడ్డాడనుకున్నావా? రంపానికి జానెడు దూరంలో పడ్డాడు. ఇంకో జానెడైతే నీకు చీటీలు మోసే పని కూడా ఉండేది కాదు."

హాతిమ్ విసుగ్గా పెన్ను తట్టాడు. "అరవకయ్యా, వార్డిది. ఫహ్మీ గారూ, నేను ఆరోగ్యశాఖకి రిపోర్టు పంపాలి. మందు మీ కొట్టు నుంచే వెళ్ళింది. మీరేమంటారు?"

ఫహ్మీ రిజిస్టరు తెరవనే లేదు. "రాసుకోండి నాయనా," అన్నాడు. "చూపు తగ్గింది. ఏ డబ్బా బదులు ఏ డబ్బా ఇచ్చానో. పొరపాటు జరిగే ఉంటుంది."

"విన్నారా! తనే ఒప్పుకున్నాడు!" అన్నాడు ఖలఫ్.

ఆ మాట అబద్ధమని తెలిసినవాళ్ళు ఆ వరండాలో ఇద్దరే.

రంజాన్ ఎనిమిదో రోజు. మామయ్య మాత్రల కోసం ఆమె కొట్టుకి వెళ్ళింది. చేతుల వణుకు సంగతి మాటల్లో వచ్చింది. ఫహ్మీ స్ట్రిప్పు చేతిలో పట్టుకుని ఆగాడు. "తల్లీ, షహాతా సిగరెట్ మానాడటగా? ఈ మాత్ర కాస్త తగ్గిద్దామా? ప్రతి రంజాన్‌కీ ఒకరో ఇద్దరో పొగ మానేసి, వారం తిరక్కుండా గుండె దడ అంటూ నా దగ్గరికి వస్తారు. ఎందుకో నాకు తెలీదు. మా రోజుల్లో పుస్తకంలో లేదు. తగ్గిస్తే నెమ్మదిస్తారు. ఒకసారి నెత్తురు తీయించి చూడు," అన్నాడు.

కొట్టు నిండా జనం. ఆమె ఒంటి మీద తెల్లకోటు. "అది టీ వల్ల డాక్టర్ గారూ. మాత్రకీ టీకీ అణువులో పోలిక ఉంది. నేను చూసుకుంటాను, మీరు మామూలుగానే ఇవ్వండి," అంది. వెనక ఎవరో, "మన క్వారీ పిల్ల ఫహ్మీ గారికే పాఠం చెప్పేసింది రా!" అని మెచ్చుకోలుగా నవ్వారు. ఫహ్మీ కూడా నవ్వి స్ట్రిప్పు ఇచ్చాడు.

పేరు తెలియని నిజం ఆయన దగ్గర ఉంది. పేరు, సూత్రం, పదికి పది మార్కులు ఆమె దగ్గర ఉన్నాయి. ఆ రెండూ ఆ రోజు ఒకే బల్లకి అటూ ఇటూ నిలబడి కూడా కలుసుకోలేదు.

ఆమె వెళ్ళి బల్ల మీద ఆయన పక్కన కూర్చుంది. "మీరు నాకు చెప్పారు కదా," అంది, ఆయనకి మాత్రమే వినబడేలా.

"ఏం చెప్పాను?"

"తగ్గిద్దామన్నారు."

"అన్నానా? ఏమో తల్లీ. పొద్దున తిన్నదే గుర్తుండదు నాకు. అందులో ఉపవాసం, తిన్నదీ లేదు."

"డాక్టర్ గారూ!"

"ష్. ఇంకా రెండు నెలల్లో నీకు పట్టా వస్తుంది. తూర్పు గట్టున నీకంటే ముందు ఎవరికైనా వచ్చిందా? నా కొట్టు మూయిస్తే నాకేమవుతుంది? మధ్యాహ్నం హాయిగా పడుకుంటాను. నీ కాగితాల్లో ఈ మచ్చ పడితే, రేపు వెనకాల వచ్చే పిల్లల్ని ఎవరు పంపిస్తారు చదువుకి? 'నవ్వారా చదివి ఏం చేసింది, మామని చంపబోయింది' అంటారు. ముసలివాడి తప్పుని జనం క్షమిస్తారు. చదువుకున్న ఆడపిల్ల తప్పుని క్షమించరు. నోరు మూసుకుని కూర్చో."

ఆమె కూర్చుంది. ఒక్క నిమిషం నిజంగానే నోరు మూసుకుని కూర్చుంది. ఆ నిమిషాన్ని దాచడం మనకి తగదు. తర్వాత జీవితంలో ఆమె అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడింది ఆ నిమిషానికే. పట్టా రోజున మామయ్య వేసుకుంటానన్న కొత్త గలాబియా గుర్తొచ్చింది. ఇస్త్రీ చేయించి, కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టి ఉంచాడు.

హాతిమ్ ఫారం మీద 'ఫహ్మీ' అని రాయడం మొదలుపెట్టాడు.

"ఆయన పేరు రాయకండి," అంది నవ్వారా లేచి. "నా పేరు రాయండి."

ఖలఫ్ నవ్వాడు. "గురుభక్తి చూడు!"

"బావా, విను. మాత్ర మంచిదే. మామయ్య కూడా సరిగ్గానే వేసుకున్నాడు. నేను సిగరెట్ మాన్పించాను. మాన్పిస్తే ఆ మాత్ర తగ్గించాలి. అది నాకు తెలుసు. పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. ఇంట్లో మర్చిపోయాను. ఫహ్మీ గారు నోరు తెరిచి చెప్పారు కూడా. నేను వినలేదు. గుండె దడ అని మామయ్య చేతులు చాపితే టీ మాన్పించాను. ఆయన సిగరెట్ మానాడు, టీ మానాడు. నేను ఏం మానమంటే అది మానాడు. తగ్గించమనాల్సింది ఆ మాత్ర ఒక్కటే, అది నేను అనలేదు."

బహియ్యా అత్త ప్రార్థన ఆగింది.

ఖలఫ్ అడిగాడు. "గుండె దడ అని నీకు చెప్పాడా?"

"చెప్పాడు."

"నాకు చెప్పలేదు." అతని గొంతులో కోపం ఎటో పోయింది. "రోజంతా పక్కపక్కనే రాయి కోస్తాం. నాకు ఒక్క మాట చెప్పలేదు. 'నవ్వారా చూసుకుంటుందిలే' అనుకున్నాడు." అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేదనుకుంది ఆమె.

ఫహ్మీ భూతద్దం తీసి, తుడిచి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "మొండి పిల్ల," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

*

అయిదున్నరకి ఇజ్‌లాల్ మేడమ్ పైకి వచ్చింది. ఆమె గుప్పిట్లో నాలుగు మడతల చీటీ ఉంది.

"నాలుగు గంటలకి తీసిన రెండో నెత్తురు," అంది హాతిమ్‌తో. "పొద్దున పదకొండున్నరకి ముప్ఫై రెండు. ఇప్పుడు ఎంత దిగిందో చూస్తే, రాత్రికి ఇక్కడే ఉంచుకోవచ్చో, నెత్తురు కడగడానికి అసియూత్ పంపాలో తెలుస్తుంది."

"రెండు గంటల దారి మేడమ్. దారిలో మళ్ళీ ఫిట్స్ వస్తే..."

"అందుకే లెక్క కావాలి. నవ్వారా, నీ అంకె రాయి."

హాతిమ్ నొసలు ముడిచాడు. "ఆమేనా? ఇప్పుడే కదా తన తప్పని చెప్పింది."

"ఆయన ఒంటి సంగతి ఈ ఆసుపత్రిలో ఈ పిల్లకి తెలిసినంత ఎవరికి తెలుసు?"

అందరూ ఖలఫ్ వైపు చూశారు. అతను గోడ వైపు నుంచి తిరగకుండానే అన్నాడు. "వెయ్యి లెక్క. ఈసారి తప్పితే నా కంటికి కనబడకు."

నవ్వారా ఫారం వెనక్కి తిప్పి రాసింది. బరువు అరవై రెండు. పొగ తాగని మనిషి, అని రాసేటప్పుడు పెన్ను ఒకసారి ఆగింది. తెల్లవారుజామున సుహూర్‌కి వేసుకున్న మాత్ర మధ్యాహ్నానికి కరిగిపోయి ఉండాలి. ఆపైన లోపలికి వచ్చేది లేదు, బయటకి పోయేదే. నాలుగున్నర గంటలు. రెండుసార్లు గుణించి చూసుకుంది. ఇరవై నాలుగు. మహా అయితే ఇరవై ఆరు.

"ఇరవై ఆరు దాటదు మేడమ్."

ఇజ్‌లాల్ చీటీ విప్పింది. చూసి ఆమె చేతికిచ్చింది.

ముప్ఫై ఏడు.

నవ్వారా తన లెక్క మళ్ళీ చూసుకుంది. లెక్క తప్పలేదు. దిగాల్సింది ఎక్కిందంటే దానికి ఒకటే దారి. మధ్యాహ్నం తర్వాత, ఈ ఆసుపత్రిలోనే, ఆ మందు మళ్ళీ ఆయన కడుపులోకి వెళ్ళింది. ఈ మనిషి గురించి నీకు తెలియనిది పదకొండు అంకెలంత ఉంది, అంటోంది చీటీ.

ఆమె మెల్లగా తల తిప్పింది. తలుపు పక్కన బహియ్యా అత్త గుడ్డసంచిని రెండు చేతులతో గుండెకి అదుముకుని ఉంది. పొద్దుటి నుంచి అందరూ ఫహ్మీ గురించే అరుచుకున్నారు. మాత్ర ఆపేశామని ఆ ముసలిదానికి ఎవరూ చెప్పలేదు. నవ్వారా కూడా చెప్పలేదు.

ఆమె వెళ్ళి నేల మీద ఎదురుగా కూర్చుంది. "అత్తా, సంచిలో ఏముంది?"

"ఏం లేదమ్మా. నువ్వు ఇచ్చిందే."

బహియ్యా సంచి విప్పి కునాఫా డబ్బా మూత తీసింది. ఒక వైపు రెండు అణువుల బొమ్మలు. రెండో వైపు, చదువురాని అత్త కోసం నవ్వారా గీసిన ఇంకో రెండు బొమ్మలు: సుహూర్‌కి నెలవంక, పక్కన ఒక మాత్ర. ఇఫ్తార్‌కి దిగుతున్న సూర్యుడు, పక్కన ఒక మాత్ర.

"ఒంటిగంటకి నర్సు అటు వెళ్ళినప్పుడు కళ్ళు తెరిచాడు. ఎగ ఊపిరి తీస్తున్నాడు. ఉపవాసం పోతే పోయింది, ప్రాణం ఉంటే తర్వాత ఉండొచ్చనుకుని ఇఫ్తార్ మాత్ర ముందే వేసేశా తల్లీ. ఒక్కటి కూడా మానకూడదన్నావు కదా నువ్వు?" అంది బహియ్యా. "నెమ్మదించలేదు. అందుకని..."

"అందుకని? ఎన్ని వేశావత్తా?"

బహియ్యా సంచి అడుగున చెయ్యి పెట్టి, పొద్దున నవ్వారా మామయ్య జేబులోంచి తీసి లెక్కపెట్టి, సరిగ్గా ఉందని తన చేతికే ఇచ్చిన స్ట్రిప్పుని బయటకి తీసింది. అందులో ఒక్క మాత్ర కూడా మిగిలి లేదు.